సరంగుగారి చూపు, మా లాంచీ దీపం

మా లాంచీ చుక్కాని పట్టే సరంగుగారు చూపు ఆనక మంచులో పడవను రాసుకుపోయారని నరసాపురం కాలువ వెంట ఇప్పటికీ కొందరు చెప్పుకుంటారు. అది నిజం కాదు. నిజం తెలిసినవాళ్ళలో సగం మంది పోయారు. ఉన్నవాళ్ళకు కాగితం మీద పెట్టే అలవాటు లేదు. పైగా తప్పు ఎవరిదో నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. అందుకని ఇది నేనే రాయాలి.

మా షావుకారుగారు ధాన్యం వ్యాపారి. కాకినాడ రేవులో ఒక పాత ఆవిరి లాంచీ కొన్నారు. దానితోపాటు ఒక డైనమో, గాజు తొట్టెల్లో పన్నెండు బ్యాటరీలు, ముందువైపు అద్దం బిగించిన పెద్ద విద్యుద్దీపం వచ్చాయి. యంత్రం తిరిగితే తోలుపట్టీ డైనమోను తిప్పుతుంది. డైనమో బ్యాటరీలను నింపుతుంది. బ్యాటరీలు దీపాన్ని వెలిగిస్తాయి. మిగతా లాంచీలు కిరసనాయిలు లాంతర్లతో తిరిగే రోజుల్లో మాది మాత్రం చందమామను ముక్కున కరుచుకుని పోతున్నట్టుండేది.

ఆ దీపం బాధ్యత నాది. నాది వీధిబడి చదువు. మిగిలినదంతా రాజమండ్రి పఠనమందిరంలో, పక్కన నిఘంటువు పెట్టుకుని, సాయంత్రానికి ఒక పేజీ చొప్పున సంపాదించుకున్నది. ఓల్టు అంటే ఏమిటో అక్కడ మూడు వారాలు అర్థం కాలేదు. ఒకనాడు విజ్జేశ్వరం లాకు దగ్గర పై నీటికీ కింది నీటికీ ఉన్న తేడా చూస్తుంటే హఠాత్తుగా బోధపడింది. తేడా ఉంటేనే నీళ్ళు కదులుతాయి. ఓల్టూ అంతే. ఆ రోజు నేను నడిచిన గట్టు నేల మీద ఉన్నట్టు లేదు.

మార్గశిరం వచ్చింది. తెల్లవారుజామున లాకు దాటితే నీళ్ళూ గట్టూ ఆకాశమూ ఒకటే తెల్లదనం. కొబ్బరిచెట్ల తలలు మాత్రం ఎక్కడో పైన, మొదళ్ళు లేకుండా, తేలుతూ ఎదురొచ్చేవి. ఎవరో బట్టలు ఉతుకుతున్న చప్పుడు ముందు ఈ గట్టున, తర్వాత ఆ గట్టున వినిపించేది. ఆ తెల్లదనంలో మా దీపం ఒక సొరంగం తవ్వుకుంటూ పోయేది. కానీ ఆ ఏడు, బయలుదేరిన కాసేపటికే సొరంగం మూసుకుపోవడం మొదలైంది.

"దీపం తగ్గుతోందండీ పంతులుగారూ" అన్నారు సరంగుగారు చుక్కాని దగ్గర నుంచి. పుస్తకాలు చదువుతానని నన్ను అలా పిలిచేవారు. అరవై దాటిన మనిషి.

నేను యంత్రం పక్క నుంచి లేవకుండానే, "మంచు ఎక్కువైందిలెండి బాబాయ్" అన్నాను.

పాలకొల్లు ఇంకా రాకముందే లాంచీ ఒక చేపల పడవ అంచును రాసుకుంటూ పోయింది. మనుషులకేమీ కాలేదు గాని వల చిరిగింది. ఆ పడవలోని పెద్దావిడ రేవుదాకా వచ్చి షావుకారుగారి ముందే నిలబడింది.

"పెద్ద దీపం, పెద్ద దీపం అని ఊరంతా చెప్పుకుంటారేంటండీ? జొరమొచ్చిన మిణుగురు పురుగులా ఉంది. ఎదురుగా వచ్చేదాకా నాకు కనబడితేగా!"

షావుకారుగారు దీపం వేయమన్నారు. వేశాను. రేవులో కట్టేసిన కాసేపటికి బ్యాటరీలు కొంచెం తేరుకుంటాయి. దీపం ఒక్కసారి భగ్గున వెలిగింది.

"బాగానే ఉందిగా" అన్నారాయన. సరంగుగారి వైపు తిరిగి గొంతు తగ్గించి, "మందగించింది దీపం కాదండీ, మీ చూపు. ఎల్లుండి తెల్లవారుజామున నేనే మీతో వస్తాను. మళ్ళీ ఇలా అయితే చుక్కాని ఇంకొకరికి ఇస్తాను. ఏమీ అనుకోకండి" అన్నారు.

సరంగుగారు తన చేతులు చూసుకున్నారు. నలభై ఏళ్ళు చుక్కాని పట్టిన చేతులు అవి.

మర్నాడు పొద్దున్న నరసాపురం వైపు ఖాళీగా పోతుండగా పని మొదలుపెట్టాను. ముందు బ్యాటరీల నీళ్ళ మీద అనుమానపడ్డాను. పుస్తకంలో శుద్ధమైన నీరే పోయాలని ఉంది. నేను పోసింది చూరు కింద పట్టిన వాననీరే. తోలుపట్టీ జారుతోందేమో అనుకున్నాను. బిగువుగానే ఉంది. డైనమో దగ్గర ఓల్టులు చూస్తే ముప్పై. ఉండాల్సినంత ఉన్నాయి. మళ్ళీ బ్యాటరీల మీదే పడ్డాను. రాసుకున్న పేజీలన్నీ తిరగేశాను.

"పుస్తకం ఏమంటోందండీ?" అన్నారు సరంగుగారు.

"డైనమో మంచిదే అంటోంది. బ్యాటరీ ఆకలితో ఉందంటోంది."

ఆయన గట్టున పచ్చగా సాగుతున్న నారుమళ్ళ వైపు చూస్తూ, "మా ఊళ్ళో చివరి చేనుకి నీరందకపోతే చేనులో ఎవరూ తవ్వరండి. తూము దగ్గర మొదలెట్టి బోదె వెంట నడుచుకుంటూ వస్తారు. ఎక్కడో గడ్డి అడ్డం పడుంటుంది" అన్నారు.

ఓల్టుమీటరు తీగల్లో ఒకదాన్ని డైనమో రెండో కొసకు కదలకుండా కట్టి ఉంచి, రెండో తీగతో డైనమో నుంచి నడక మొదలుపెట్టాను. మీట దగ్గర ముప్పై. తీగ మలుపు దగ్గర ముప్పై. మొదటి బ్యాటరీ మీది ఇత్తడి బిగింపు దగ్గరా ముప్పై. ఆ బిగింపు కిందే, గోరంత దూరంలో ఉన్న సీసపు మొన మీద ఇరవై అయిదు. అడ్డం ఆ రెంటి మధ్యే ఉంది.

యంత్రం ఆపించి, బిగింపు విప్పాను. లోపల తెల్లటి పొడి, దాని కింద ఎండి పెచ్చుకట్టిన పసుపు.

నీళ్ళ మీద లాంచీ తనంతట తానే కొంతదూరం పోయింది. నాకు దసరా గుర్తొచ్చింది. ఆయుధపూజనాడు అందరూ యంత్రానికీ చుక్కానికీ పసుపు కుంకుమలు పెట్టారు. మొదటి బ్యాటరీకి నేను పెట్టాను. పైన పెడితే ఆమ్లపు చెమ్మకు చెరిగిపోతుందని, ఏడాదంతా నిలవాలని, బిగింపు విప్పి మొనకు చుట్టూ పట్టించి మళ్ళీ బిగించాను. భక్తిలో కూడా నేను అందరికంటే తెలివైనవాణ్ణి అనుకున్నాను.

సరంగుగారికి చూపించాను. ఆయన ఆ పసుపును చాలాసేపు చూసి, మెల్లగా నవ్వారు.

"గీరెయ్యండి. దీపం బాగుపడితే చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు. నన్నన్న మాట ఎలాగూ అనేశారు. మీకు ఉద్యోగం ఉండాలిగా."

గీరాను. తోమాను. ఆ రోజంతా యంత్రం తిప్పి బ్యాటరీలు నింపాను. ఆయన మాట మాత్రం వినలేకపోయాను.

అనుకున్న తెల్లవారుజామున షావుకారుగారు లాంచీ ముందు భాగంలో శాలువా కప్పుకుని నిలబడ్డారు. బయలుదేరకముందే ఆయనకు చెప్పాను. తగ్గింది దీపమేనని, తగ్గించింది నేనేనని, సరంగుగారు ముందే చెప్తే కూర్చున్నచోటు నుంచి లేవనైనా లేదని. ఆయన దీపం వైపు ఒకసారి చూసి, బయలుదేరమని చెయ్యి ఊపారు. లాంచీ కదిలింది. తెల్లదనంలో సొరంగం తెరుచుకుంది. మలుపులు వచ్చాయి, పోయాయి. సొరంగం మూసుకోలేదు. ఒకచోట సరంగుగారు ముందే కూత వేయించి పక్కకు తిప్పారు. చాలాసేపటి తర్వాత గాని మంచులోంచి ఒక చిన్న పడవ మా కళ్ళకు కనిపించలేదు.

పొద్దెక్కి దీపం ఆర్పాక షావుకారుగారు వెనక్కి నడిచి వచ్చి, "చుక్కాని మీదేనండీ. తొందరపడ్డాను" అన్నారు. నావైపు చూసి, "వచ్చే దసరాకి పసుపు పైన పెట్టండి, కింద కాదు" అన్నారు.

సరంగుగారు ఇంకా ఆరేళ్ళు చుక్కాని పట్టారు.

పేర్లు రాయడం లేదు, ఎవరి మాట అన్నది వాళ్ళకు తెలుసు. మూసే వేళ దాటినా నా పేజీ అయ్యేదాకా తాళం చేత్తో పట్టుకుని కూర్చున్న పఠనమందిరం పెద్దాయనకు, మిణుగురు పురుగు మాట మొహమాటం లేకుండా అన్న చేపల పడవ పెద్దావిడకు, తన మాట తానే వెనక్కి తీసుకున్న షావుకారుగారికి నా కృతజ్ఞతలు. అందరికంటే ఎక్కువగా, తగ్గిన దీపాన్ని తగ్గిందని చెప్పి, ఎవరూ నమ్మకపోయినా, నాకు నీరు నడిచే దారి చూపించిన సరంగుగారికి.