సెట్టులో బూడిద చిప్ప

దెయ్యాల మాట ఎత్తితే లేచి వెళ్లిపోయే మనిషిని నేను. పలాసలో ఏ రైలు ఎప్పుడాగుతుందో, ఎవరి తద్దినం ఏ తిథినో నన్నడుగుతారు గానీ ఇలాంటివి ఎవరూ అడగరు. అందుకే చూసింది చూసినట్టు రాస్తున్నాను.

కంచిలి దగ్గర జీడితోటల మధ్య మా ఇల్లు. నిరుడు వేసవికి ముందు హైదరాబాదు నుంచి టీవీ సీరియల్ వాళ్లు వచ్చారు. దెయ్యం కథట, పాత ఇల్లు కావాలిట. సెట్లు వేసే ఆయన పెరడంతా తిరిగి పెదవి విరిచాడు.

"ఇంత వెలుతురులో దెయ్యం ఉందంటే ఎవరు నమ్ముతారమ్మా?"

"మా పక్క పోయినోలు పగలే తిరుగుతారు బాబూ. ఆల్లకి భయమేటి?" అన్నాను. అందరూ నవ్వారు.

చివరికి మా పెరటి వసారా ఫోటోలు తీసుకెళ్లి, అలాంటిదే హైదరాబాదులో కట్టారు. అచ్చం నిజంలా ఉండాలని ఆయన పట్టుదల. గడప ఎత్తెంత, పసుపు ఎంత మేర రాస్తారు, అన్నీ ఫోనులో అడిగేవాడు. నేనూ వదల్లేదు. బూజు వేలాడదీశానని ఆయనంటే, "దెయ్యమున్న ఇల్లయితే మాత్రం బూజు దులపరేటి? తీసీ" అన్నాను. తీసేశాడు.

ఒక్క సంగతి ఆయన అడగలేదు. నాకూ చెప్పాలనిపించలేదు.

ఆ వసారాలోనే నేనూ మా ఆయనా కాల్చిన జీడిపిక్కలు కొట్టేవాళ్లం. మాది మేనరికం, పోయేదాకా బావ అనే పిలిచాను. పెంకులోని జీడి రసం అంటితే వేళ్లు పొక్కుతాయి. అందుకని బూడిదలో అద్దుకుంటూ కొట్టాలి. ఆ బూడిద చిప్ప గడపకి కుడిపక్క ఉండాలని నేను, ఎడమపక్కని ఆయన. ఆయనది ఎడంచేతి వాటం. రోజూ ఆయన మాటే నెగ్గేది. చిప్ప ఒరిగిపోకుండా కొబ్బరిపీచు చుట్టి కింద కుదురు పెట్టేవారు.

"ఆడోల్ల పని సేత్తన్నావేటి మావా?" అని దారినపోయేవాళ్లు ఏడిపించేవారు.

"మీ అత్త సేతులు పొక్కితే నాకు కూడెవులు వండుతారు?" అనేవారు.

ఆయన పోయి మూడేళ్లు. చిప్ప అప్పుడే తీసేశాను. మళ్లీ పిక్కలు కొట్టలేదు.

సీరియల్ మొదలైంది. తెరమీద మా వసారా వచ్చింది. గడపకి ఎడమపక్క, పీచు కుదురు మీద, కొబ్బరి చిప్ప. నిండా బూడిద. అందులో రెండు వేళ్లు అద్దిన గుంట.

సెట్లు వేసినాయనకి ఫోను చేశాను. తను పెట్టలేదన్నాడు. అదెందుకు వాడతారో కూడా తెలియదన్నాడు. మా ఇంట్లో తీసిన ఫోటోలన్నీ వెతికించాను. ఒక్కదాంట్లోనూ లేదు. సెట్టు అప్పటికే విప్పేశారు. మనవరాలి ఫోనులో ఆ ముక్క మళ్లీ పెట్టించుకున్నాను. మనవరాలూ చూసింది. నా కళ్ల దోషం కాదు.

భయం వేయలేదు. మనసు నొచ్చుకుంది. మూడేళ్లుగా నేనిక్కడే ఉంటే, దారీ తెన్నూ తెలియని ఊళ్లో ఆ అట్టగోడల దగ్గరికి బావ వెళ్లి కూర్చోవడమేమిటి?

అదెలా జరిగిందో నాకిప్పటికీ తెలియదు. మర్నాడే అటక మీంచి చిప్ప దింపించి కడిగాను. బూడిద జల్లించి పోసి, చదును చేసి, గడపకి ఎడమపక్కే పెట్టాను. రోజూ పొద్దున్నే వేళ్ల గుంట కోసం వంగి చూస్తాను.

నేను చదును చేసినట్టే ఉంటుంది.