అత్తమ్మ సందుగలో రెండు మూటలు

మొన్న ఆదివారం నా బిడ్డ ఇల్లంతా చిందరవందర చేసింది. వానలు, వరదలు ముంచుకొస్తే చేతికందేలా ఇంట్లో ఒక సంచి సర్ది పెట్టుకోవాలని బడిలో చెప్పారట. టార్చిలైటు, అగ్గిపెట్టె, నీళ్ల సీసా, జ్వరం గోలీలు పోగేసి, కట్టు కట్టడానికి గుడ్డ కోసం వాళ్ల నాయనమ్మ సందుగ పెట్టె తెరిచింది. అడుగున చెయ్యిపెట్టి ఒక తెల్లగుడ్డ లాగి, "అమ్మా, గిది మంచిగ మెత్తగున్నది, సంచిల పెట్టుకోనా?" అని నా ముందు ఆడించింది. చాయ్ వడపోస్తున్నదాన్ని అలాగే ఉండిపోయాను. చాయ్ గ్లాసులోకి కాకుండా బండ మీదికి పోతోందని కూడా తెలియలేదు. ఆ గుడ్డ ఇంకా ఇంట్లో ఉందని నాకే తెలియదు.

మా అత్తమ్మ కోరుట్లలో బీడీలు చుట్టేది. తెలంగాణ కోసం ఇవాళ బంద్, రేపు రాస్తారోకో అని నడుస్తున్న రోజులవి. టీవీలో బంద్ అన్న మాట వినపడితే చాలు, ఆకు కత్తిరించే కత్తెర పక్కన పడేసి లేచేది. బియ్యం, కారం, చింతపండు, గ్యాసునూనె ఎంతెంత ఉన్నాయో డబ్బాలన్నీ తట్టి చూసేది. అగ్గిపెట్టెలను ప్లాస్టిక్ కవర్లో చుట్టి, కవర్ను డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను ఇంకో డబ్బాలో దాచేది. కరెంటు పోయాక వాటిని వెతకడానికి వెలుతురు కావాలి, వెలుతురుకు అగ్గిపెట్టె కావాలి. మా ఆయన నవ్వితే, "నవ్వు కొడుకా నవ్వు, రేపు బువ్వకు నా దగ్గరికే అస్తవ్" అనేది. తెలంగాణ వస్తుందా రాదా అని వాడకట్టంతా వాదించుకుంటుంటే, ఆమె మాత్రం వచ్చేదాకా ఉప్పు సరిపోతుందా అని చూసుకునేది.

అప్పుడు నాకు నెలలు నిండాయి. మొదటి కాన్పు తల్లిగారింట్లో జరగడం మా రివాజు. మా అమ్మ బోయినపల్లి నుంచి నన్ను తీసుకుపోదామని బయల్దేరినప్పుడల్లా బస్సులు బంద్. చివరికి అత్తమ్మే నా కాన్పు మూట కట్టింది. పుట్టిన పిల్లకు కొత్తబట్ట వేయరు, కాబట్టి తన పాత చీరల్ని ముక్కలు చేసి, ఉడకబెట్టి, ఎండలో ఆరేసి, వాముతో దూదితో కలిపి కట్టింది. ఒక మధ్యాహ్నం ముచ్చటపడి ఆ మూట చూద్దామని సందుగ తెరిచాను. లోపల ఒకే తీరువి రెండు మూటలున్నాయి. చేతికందినది విప్పితే, మడత విప్పని తెల్లటి కొత్త గుడ్డ, కర్పూరం, అగరొత్తులు, గులాల్ పొట్లం. శవానికి కావలసిన సామాను! చేతిలోని గుడ్డ వదిలేశాను. నా కాన్పుకు సిద్ధం చేసిన మనిషి ఇది ఎవరికోసం సిద్ధం చేసినట్టు? నాకా? నా కడుపులో ఉన్నదానికా?

"గది నాది పిల్లా, ముట్టకు" అంది అత్తమ్మ వెనక నుంచి. నా ముఖం చూసి పక్కన కూర్చుంది. "మీ మామ సచ్చిపోయిననాడు సిరిసిల్లల బంద్. పుట్టినకాన్నుంచి సాంచాల మీద గుడ్డ నేసినోనికి, మీద కప్పెటందుకు కొత్త గుడ్డ దొర్కలే. పాత దోతి కప్పి సాగనంపినం. నాకు గట్ల గావొద్దు." అప్పట్లో వాళ్ల కాపురం సిరిసిల్లలోనే. సాంచాలంటే మరమగ్గాలు. రాత్రింబగళ్లు అవి మోగే ఊళ్లో ఒక నేతకార్మికుడు పాత దోతితో పోయాడు. మరి ఆ మూట నా మూట పక్కనే ఎందుకు పెట్టావంటే, "ఇంట్ల ఒక్కటే సందుగున్నది గదనే" అంది.

నొప్పులు కూడా బంద్ నాడే వచ్చాయి. జగిత్యాల దవాఖానకు తీసుకుపోవడానికి పక్కింటి ఆటో భాయ్ తప్ప దిక్కు లేదు. సందుగను ఎవరినీ ముట్టనివ్వని అత్తమ్మ, నన్ను పట్టుకుని ఉండటంతో, "మూట తే కొడుకా" అని కేకేసింది. మా ఆయన తెచ్చి ఆటోలో పడేశాడు. దారిలో ఉద్యమం వాళ్లు రోడ్డు మీదే వంటావార్పు పెట్టి దారి మూసేశారు. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. అత్తమ్మను చిన్నమ్మా అని పిలిచే భాయ్ తల బయటపెట్టి, "చిన్నమ్మ కోడలు కాన్పుకు పోతాంది, జర దారియ్యుండ్రి!" అని అరిచాడు. ఆడవాళ్లే ముందు లేచారు. గోనెసంచులతో గంజు పట్టుకుని, ఉడికే అన్నాన్ని పక్కకు జరిపి మమ్మల్ని పోనిచ్చారు.

బిడ్డ పుట్టింది. ఏడుపు విన్నాను. సిస్టరమ్మ గుడ్డ అడిగితే అత్తమ్మ మూట ముడి విప్పింది. కర్పూరం బిళ్లలు జారి నేలంతా దొర్లాయి. గది నిండా చావింటి వాసన. సిస్టరమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. చలికి నీలంగా మారుతున్న పసిదాన్నీ, ఆ తెల్లగుడ్డనూ మార్చి మార్చి చూస్తూ పడున్నాను. అత్తమ్మ ఆ గుడ్డను ఒకసారి అరచేత్తో నిమిరింది. ఏళ్ల తరబడి బీడీకట్టల పైసల్లోంచి మిగిల్చి కొనుక్కున్న గుడ్డ అది. దాని అంచును పళ్లతో కొరికి చర్రున చింపింది.

"అమ్మా, గది పిల్లకు..." అని సిస్టరమ్మ నసిగింది.

"నా గుడ్డ, నా ఇష్టం. ముందుగాల పిల్లకు సలి పెడ్తాంది" అంది అత్తమ్మ. పసిదాన్ని ఆ ముక్కలో చుట్టి నా పక్కన పడుకోబెట్టింది.

చాలా రోజుల వరకు బిడ్డకు ఒళ్లు వెచ్చబడితే చాలు, నాకు కర్పూరం వాసన వచ్చినట్టయ్యేది. అత్తమ్మకు అలాంటి భయమేమీ పట్టలేదు. మిగిలిన సగం కూడా పొత్తిగుడ్డలకే చింపేసింది. ఆశ్చర్యమేమిటంటే, బంద్ అంటే ఉప్పు తప్పకుండా తెచ్చిపెట్టే మనిషి, ఆ తెల్లగుడ్డ మాత్రం మళ్లీ కొనలేదు. అడిగితే, "ఏం తొందర? ముందు దీన్ని బడికి తోలనీ" అంది. బడికి తోలింది, జడలు వేసింది, ఎక్కాలు అప్పజెప్పించుకుంది. ఆమె పోయిన రోజు బజారంతా తెరిచే ఉంది. మా ఆయన పోయి కొత్త గుడ్డ తెచ్చి కప్పాడు.

బండ మీద చాయ్ తుడిచి, ఆ మెత్తని పొత్తిగుడ్డను మడతపెట్టి నా బిడ్డ చేతికిచ్చాను. "పెట్టుకో, గది నీదే" అన్నాను. ఉప్పుకూ అగ్గిపెట్టెలకూ లెక్క తప్పని మా అత్తమ్మ, తన చివరి రోజుకు ముందుగా సర్దుకోవడం మాత్రం ఆ దవాఖానలోనే మానేసింది. ఆమె మనసారా బతికిన ఏళ్లన్నీ ఆ తర్వాత వచ్చినవే.