కాలిన రాళ్ల దిబ్బ, చల్లారని అత్తయ్య

మా మేనత్త మంగళవారం పొద్దున పోయింది. ఆష్‌బర్న్‌లో మావాళ్లందరికీ కబురు చెప్పడం పూర్తికాకముందే ఒక ఫోన్ వచ్చింది. ఆవిడ ఉద్యోగం ఊడగొట్టినవాడి నుంచి. "సంతాప సభలో రెండు మాటలు మాట్లాడతానయ్యా. అక్కా, నేనూ కలిసే ఆ సైట్ డిస్కవర్ చేశాం కదా" అన్నాడు. కలిసి అట. నా ఒళ్లు మండిపోయింది. పోయినవారి గురించి మెత్తగా రాయాల్సిన చోట ఈసారి మెత్తగా రాయలేను, పాఠకులు మన్నించాలి.

అత్తయ్య చదివింది పురావస్తు శాస్త్రం. ఇక్కడ కొత్త రోడ్డు వేసేముందు ఆ నేలలో పాతకాలపు ఆనవాళ్లు ఉన్నాయేమో తవ్వి చూస్తారు. ఆవిడ పని అదే. మేమంతా ఈ దేశం వచ్చిన కంప్యూటర్లవాళ్లం, ఆవిడొక్కతే గోళ్లలో మట్టితో ఫంక్షన్లకి వచ్చేది. ఎవరైనా నవ్వితే, "మీ డేటా సెంటర్లు కూడా ఎప్పుడో మావాళ్లే తవ్వుతారర్రా" అనేది.

ఒక రోడ్డు పనిలో, వాగు పక్కన, ఆవిడకి కాలిన రాళ్ల దిబ్బ దొరికింది. ఇంకా రాత పుట్టని కాలంలో ఇక్కడి మనుషులు రాళ్లను ఎర్రగా కాల్చి, నీళ్లలో వేసి, ఆ నీళ్లు మరిగించుకునేవారు. పగిలిన రాళ్లు పక్కన పారేస్తూ పోతే అదే దిబ్బయింది. అత్తయ్య మేనేజరు మనవాడే, అక్కా అక్కా అంటూ తిరిగేవాడు. రోడ్డు ఆలస్యమైతే తన ప్రమోషన్ పోతుందని, "అడవి తగలబడి కాలిన రాళ్లక్కా, లైట్ తీస్కో" అన్నాడు.

అత్తయ్య వాదించలేదు. ఆదివారం భోజనానికి పిలిచింది. పెరట్లో నిప్పులు చేసి, వాగు రాళ్లు కాల్చి, పటకారుతో నీళ్ల గంగాళంలో వేసింది. రాళ్లు పగిలాయి, నీళ్లు కుతకుతలాడాయి. ఆ నీళ్లలోనే మొక్కజొన్న పొత్తులు ఉడికించి అతనికి పెట్టింది. పగిలిన ముక్కల్ని దిబ్బ రాళ్ల ఫొటోల పక్కన పెట్టి చూపించింది. అతను తిన్నాడు, చూశాడు, బాగుందక్కా అన్నాడు. సోమవారం వెళ్లి అడవి మంట అనే రాశాడు.

ఆవిడ అతన్ని దాటి రాష్ట్ర పురావస్తు ఆఫీస్‌కి వెళ్లింది. వాళ్లు వచ్చి చూసి, దిబ్బ నిజమేనని పని ఆపించారు. నెల తిరక్కుండా అత్తయ్య ఉద్యోగం పోయింది. ఆమెతో పనిచేయడం కష్టమని అతను ఊరంతా చాటాడు. ఆ తర్వాత ఏ కంపెనీ ఆవిడని తవ్వకానికి పిలవలేదు. దిబ్బ కనిపెట్టింది తానేనని మాత్రం అతను స్టేజీలెక్కి చెప్పుకున్నాడు.

"వదిలెయ్ అత్తయ్యా" అంటే ఆవిడకి మండేది. "ఎందుకు వదలాలిరా? నా కోపం చల్లారనివ్వను. దాని మీదే వంట చేసుకుంటా" అనేది. అన్నట్టే గుడి వెనక పిల్లలకి రాళ్లతో నీళ్లు మరిగించడం నేర్పింది. ప్రతిసారీ చివర్లో అడవి మంట కథ చెప్పి నవ్వించేది. పేరు చెప్పేది కాదు, గొంతు మాత్రం అచ్చం అతనిదే.

ఫోన్‌లో అతనికి చెప్పాను. "రండి అంకుల్, భోంచేయండి. మైక్ మాత్రం ఇవ్వను."

"అదేంటయ్యా, అందరి ముందూ..."

"అందరి ముందూ మీరు నోరు మూసుకుని కూర్చోవాలి. నాకు కావాల్సింది అదే."

వచ్చాడు. రాకపోతే నలుగురూ ఎందుకని అడుగుతారు మరి. అత్తయ్య ఇంటి పెరట్లోనే పెట్టిన సభలో వెనక వరసలో కూర్చున్నాడు. ఆ పిల్లలు ఒక్కొక్కరే లేచి, వంకర తెలుగులో, ఆ దిబ్బ మా ఆంటీ కనుక్కుంది అని చెబుతుంటే తలొంచుకుని విన్నాడు. నాకు జాలి వేయలేదు.

చీకటి పడుతుండగా అతని కారు బయల్దేరింది. దిబ్బను తప్పించడానికి ఆ రోడ్డును అక్కడ వంచి వేశారు. అతని ఇల్లు దానికి అవతల. ఆ వంపు కనబడే ఇల్లే కావాలని అత్తయ్య ఏరికోరి కొనుక్కుంది. ఆవిడ గుమ్మంలో నిలబడి చూశాను. తిన్నగా దూసుకుపోతున్న కారు అక్కడికి రాగానే నెమ్మదించింది. బ్రేక్ లైట్లు ఎర్రగా వెలిగి, దిబ్బ చుట్టూ మెల్లగా తిరిగి వెళ్లాయి.