దత్తాత్రేయులుగారి గోడ

దత్తాత్రేయులుగారు కలెక్టరాఫీసులో గుమాస్తాగా రిటైరయ్యారు. చెప్పులు కూడా సూటిగా విడిచే మనిషి. ఏలూరు శివార్లలో పొలాలు ప్లాట్లవుతున్న రోజుల్లో మా పక్కనే ఇల్లు కట్టుకున్నారు. అప్పట్లో మా వీధి పొలాల వైపు తెరిచే ఉండేది. కొల్లేటి ఆడవాళ్లు చేపల గంపలతో అటునుంచి వచ్చి, మా వీధిలోంచే బజారుకు పోయేవారు. ఆయనకు నీచు వాసన పడదు. "ఇది వీధా, చేపల రేవా అండీ?" అంటూ ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించి, యాభై ఆరులో ఆ కొసకు అడ్డంగా ఇటుక గోడ లేపారు. నేనూ పెట్టాను సంతకం. బుద్ధి గడ్డి తిని పెట్టాను.

చేపలమ్మే పెద్దింటమ్మ ఒకసారి ఆయన గుమ్మం ముందు గంప దించింది. "చుట్టూ తిరిగొచ్చేసరికి చేప మెత్తబడిపోతందండీ, బాబుగారూ." ఆయన తలుపేసుకున్నారు. నేను అరుగు మీద పేపరు చదువుకుంటున్నాను.

రెండేళ్లకు, వైశాఖంలో ఒక ఉదయం ఆయన పోయారు. ఆ సాయంత్రమే వీధి మొదట్లో హనుమంతరావుగారి అమ్మాయి పెళ్లి. వీధికి అడ్డంగా పందిరి వేసేశారు. పెళ్లిపందిరి కిందనుంచి శవాన్ని తీసుకెళ్లకూడదు. వీధిలో శవం ఉండగా పెళ్లీ జరగదు. హనుమంతరావుగారు వచ్చి గుమ్మం ముందు నిలబడ్డారు. మధ్యాహ్నం దాకా పెద్దలు తర్జనభర్జన పడ్డారు.

ఆయన భార్య ఆండాళ్ళుగారు తల దగ్గర కూర్చుని అంతా విన్నారు. కంట తడి లేదు. "గోడ పగలగొట్టండి" అన్నారు, మంచినీళ్లడిగినంత మామూలుగా.

నేనే గునపం పట్టాను. మహానుభావుడు సిమెంటు గట్టిగానే వేయించారు, గంట పట్టింది. ఇటుకల మీదుగా పాడె దాటించి, పొలం గట్ల వెంట చుట్టూ తిరిగి శ్మశానానికి వెళ్లాం. పెద్దింటమ్మ రెండేళ్లు తిరిగిన దారే అది.

పన్నెండో రోజు దాటగానే వీధివాళ్లు తాపీమేస్త్రిని పిలిపించారు. ఆండాళ్ళుగారు గుమ్మంలోకి వచ్చారు.

"ఏవండీ, అది మా ఆయన వెళ్లిన దారి. ముయ్యకండి."

మేస్త్రి నా వంక చూశాడు. వెళ్లిపొమ్మన్నాను.

మర్నాడు పెద్దింటమ్మ గంపతో ఆ కంత దగ్గర ఆగింది. "ఇటు నడవచ్చాండీ, అమ్మగారూ?"

"నడువమ్మా."

ఆమె దాటి వెళ్లింది. నీచు వాసన ఇంట్లోకి వచ్చింది. ఆయనుంటే కేకలేసేవారు. ఆండాళ్ళుగారు అప్పుడు ఏడ్చారు.