జీడి చెట్టుకు జామీను

ఎవలన్న ఉన్నరా మన దోస్తుల గ్రూపుల? వాయిస్ కొంచెం పొడుగైతది, చాయ్ తాగుకుంట వినుండ్రి. నా చెట్టు నా చేతులకెల్లి ఎట్ల పోయిందో చెప్త. ఎవ్వలు దొంగతనం చెయ్యలే. చెట్టు పెరట్లనే ఉన్నది, ఇప్పుడు గూడ దాన్నే చూసుకుంట మాట్లాడుతున్న. అయినా పోయింది. నా నోటితోని నేనే ఇచ్చేసిన.

మా సారపాక ఇంటెనక జీడిమామిడి చెట్టున్నది గదా. ఇల్లు మా ఆయన పేరు మీద, కారు మా ఆయన పేరు మీద, ఆఖరికి గ్యాస్ కనెక్షన్ గూడ మా ఆయన పేరు మీదనే. ఆ చెట్టొక్కటే నాది. మొక్క తెచ్చింది నేను, మేకల నోట్లకెల్లి గుంజింది నేను, బియ్యం కడిగిన నీళ్లు పోసింది నేను.

ముందటేడాది అది కాసిన కాపుకు కొమ్మలు ఒంగి గోడ మీద ఆనినయ్. పండ్ల రసం మరకలు పడి నా చీరలు ఇగ కట్టుకునేటట్టు లేవు. గింజలు కాల్చి, కొట్టి, చుట్టాలందరికీ పంచిన. చెట్టుకు ఏమేసినవ్ అక్కా అని ఎవలన్న అడుగుడే ఆలస్యం, వాయిస్ పెట్టేది. మజ్జిగ పొయ్యాలె, బూడిద చల్లాలె, దానితోటి ప్రేమగ మాట్లాడాలె అని. మీకు గూడ పెట్టిన, యాదికున్నదా? ఇగ చాలు తల్లీ అని మీరే అన్నరు.

పోయినేడాదికి వచ్చేసరికి, మజ్జిగ అదే, బూడిద అదే, మాటలు ఇంకో రెండు ఎక్కువనే మాట్లాడిన. పూత లేదు. ఏడనో నాలుగు రెమ్మలకు వచ్చింది, మంచు పడి అది గూడ నల్లగయ్యింది. చుట్టాలేమో గింజలు దాచిపెట్టుకున్న అనుకున్నరు. మా ఆయనేమో మిల్లుల షిఫ్టు దిగి వచ్చి, చెట్టు కింద టేపు పెట్టి కొలుసుడు మొదలుపెట్టిండు. కారు ఎండకు మాడిపోతున్నదట. కాయని చెట్టు ఎందుకు, కొట్టేసి రేకుల షెడ్డు ఏస్త అన్నడు.

అగ్రికల్చర్ చదివే మా పెద్దబిడ్డకు ఫోన్ చేసిన. అది ఇవరంగ చెప్పింది. ముందటేడు ఉన్న బలమంత చెట్టు గింజలకే పెట్టిందట. వానలు పడ్డంక కొత్త చిగుర్లు ఏద్దామంటే దాని దగ్గర ఏం మిగల్లే. పూత వచ్చేదే ఆ కొత్త చిగుర్ల కొసలకట. చిగురు లేకపాయె, పూత లేకపాయె. “దానికి బద్ధకం కాదు మమ్మీ, నీరసం. ఈ ఏడాది దాన్ని పండుకోనియ్యి” అన్నది. గిదే మాట మా ఆయనకు చెప్తే, నీరసమైతే దవాఖానాకు తీస్కపో అన్నడు. ఇగ గా మనిషితోటి ఏం మాట్లాడుతం?

అప్పుడు మా అత్తమ్మ ఒక ఉపాయం చెప్పింది. కాయని చెట్టుకు గొడ్డలి చూపియ్యాలెనట. ఇంటోళ్లు గొడ్డలి ఎత్తి, నిన్ను కొట్టేస్త అని కోపం చెయ్యాలె. బయటోళ్లు ఒకలు అడ్డమొచ్చి, వద్దు, వచ్చేటేడు కాస్తది, నాది జామీను అనాలె. ఇంటోళ్లే జామీను ఉంటే చెట్టు నమ్మదట. ఒక్కపారి జామీను పడ్డంక మళ్ల కాపు వచ్చేదాక ఆ చెట్టు మీద గొడ్డలి పెట్టొద్దట. నాకు కావాల్సింది గదే. చెట్టు భయపడుడు తర్వాత సంగతి, ముందుగాల మా ఆయన చేతులు కట్టేసినట్టయితది.

జామీనుకు పక్కింటి సరోజను అడిగిన. కాలనీల అందరికంటె గట్టిగ మాట్లాడేది ఆమెనే, చెట్టుకు మంచిగ వినపడ్తది అనుకున్న. ఏమనాలెనో ముందురోజే నేర్పిచ్చిన. అట్లనే వదినా, గంత చెప్పాల్నా అన్నది.

పొద్దుగాల్నే మొదలుపెట్టినం. మా ఆయన కుర్చీ ఏసుకొని, చాయ్ గ్లాసు పట్టుకొని, చూస్తందుకు కూసున్నడు. నేను గొడ్డలి ఎత్తిన. ఎత్తినంక ఏమైందో ఏమో, నిజంగనే కోపమొచ్చింది. ఎంత చేసినా నీకు ఇశ్వాసం లేదు, తిన్నదేమాయె, తాగిందేమాయె, ఒక్కనాడన్న ఈ ఇంట్ల నా మాట చెల్లనిచ్చినవా అని అందుకున్న. నా తిట్లకు మా ఆయన కుర్చీల సర్దుకొని కూసున్నడు. ఆఖరికి, ఇగ నిన్ను కొట్టేస్త అని సరోజ దిక్కు చూసిన.

సరోజ చెట్టును కిందికెల్లి మీదికి చూసింది. కండ్లతోటి సైగ చేసిన. గొంతు సవరిచ్చుకున్నది.

“కొట్టెయ్యి వదినా” అన్నది. “మా దిక్కు రాలిన ఆకులు ఊడ్వలేక నడుములు పోతున్నయ్. కాసినేడు మీకు గింజలు, మాకు ఈగలు. కొట్టెయ్యి, పీడ పోతది.”

చెట్టు ముంగట అన్నది. నేను నేర్పిచ్చిందేంది, ఆమె అన్నదేంది? గొడ్డలి దించుదామంటే జామీను లేదు. దించకుంటే చెట్టు మీద ఎయ్యాలె. చేతులు గట్లనే మీద పెట్టుకొని నిలబడ్డ. మా ఆయన మాత్రం చాయ్ గ్లాసు కింద పెట్టి, సరోజ గూడ ఒప్పుకున్నదిగా అనుకుంట రంపం కోసం లోపలికి పోయిండు.

చెట్టుకు వినపడకుంట సరోజను బతిలాడిన. ఆయన వచ్చేలోపు జల్దీ అనవే అన్న. ఆమె నిమ్మళంగ ఆలోచన చేసి, గోడ దాటి మా దిక్కు వచ్చిన కొమ్మలు ఇగ మావి అంటే జామీను ఉంట అన్నది. గొడ్డలి బరువు ఎత్తినోళ్లకే తెలుస్తది. సరే అన్న. అనుడే ఆలస్యం, ఆమె ఉరికొచ్చి చెట్టును కావలిచ్చుకున్నది. పచ్చటి చెట్టు వదినా, నోరు లేనిది వదినా, నాది జామీను అని కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నది. గంత మంచిగ చేసేదానివి ముందే చెయ్యొచ్చు గదా?

చెట్టయితే బతికింది. గానీ బయటికి తెచ్చిన రంపాన్ని ఉత్తగ లోపల పెడ్తడా మా ఆయన? మొదలు ముట్టుకోను, షెడ్డుకు అడ్డమొచ్చేటియి తీస్త అని మా దిక్కు కొమ్మలన్ని సగానికి కోసిండు. ఇవి గూడ కొమ్మలేగా అని సరోజ దిక్కు చూపిచ్చిన. ఇప్పుడే సరోజ చెప్పింది, అవి మనయి కాదుగా అన్నడు. ఆయనకు న్యాయం అప్పుడే యాదికొచ్చింది.

ఈ ఏడాది చూస్తే, సరోజ దిక్కు కొమ్మలకు ఆకు కనపడకుంట పూత. మా దిక్కు ఆకులే ఆకులు, ఒక్క పువ్వు లేదు. ఆమె ఈగల గురించి మళ్ల నోరెత్తితే ఒట్టు, గంపలు పెట్టి ఏరుకున్నది. నీళ్లు పోసేది నేను, తిట్టింది నేను, గింజలు ఆమెయి. మండుకుంట బిడ్డకు ఫోన్ చేసిన. లావు కొమ్మలు కోసినరు గదా మమ్మీ, చెట్టు ముందు ఆ కొమ్మలను పెంచుకుంటది, పూత తర్వాత అన్నది. వచ్చే ఏడాది మన దిక్కు వస్తదట. సరోజ దిక్కేమో ఇంత కాసి అలిసిపోయింది కాబట్టి వచ్చే ఏడాది అటు గింజలు తక్కువట.

నా సంతోషం చూడాలె మీరు. గిది నా ఒక్కదాని కడుపుల ఉంచుకోవాల్నా వద్దా? కాలనీ గ్రూపుల వాయిస్ పెట్టిన. పూత ఎందుకు వస్తది, ఎందుకు రాదు, వచ్చే ఏడాది ఏ దిక్కు వస్తది, ఏ దిక్కు రాదు, అంత అరటిపండు ఒలిచినట్టు చెప్పిన. సరోజకు తగలాలెననే పెట్టిన.

తగిలింది. నిన్న సాయంత్రం స్టీల్ డబ్బతోటి వచ్చింది. అప్పుడే కాల్చి కొట్టిన పప్పు, ఇంక వేడి గూడ పోలే. ఎంతైనా మీ చెట్టు గింజలే గదా వదినా అని నా చేతుల గుప్పెడు పోసింది. రెండేండ్ల తర్వాత నా చెట్టు గింజ నేను తింటున్న, నోరు నిండ ఏసుకున్న. ఆమె పక్కన కూసొని, మీ దిక్కేంది, మా దిక్కేంది, మనం చుట్టాల కంటె ఎక్కువ గదా, వచ్చే ఏడాది నుంచి ఏ కొమ్మకు కాసినా చెరిసగం, సరేనా వదినా అన్నది.

నోట్ల పప్పున్నది. ఊ అన్న.

గంతే. ఆమె మా గేటు దాటకముందే కాలనీ గ్రూపుల ఆమె వాయిస్ వచ్చింది, మా వదినది ఎంత మంచి మనసో అని. అందరు చప్పట్ల బొమ్మలు పెట్టినరు. అందరికంటె ముందు పెట్టింది మా ఆయన.

పప్పు మాత్రం మంచిగ కాల్చింది, అబద్ధం ఎందుకు. ఈ వాయిస్‌ల మధ్యమధ్యల కరకర వినపడ్తే నెట్‌వర్క్ అనుకోకుండ్రి.