రెండో ఫోన్ మామకు

మా మేనమామ పోయాడని ఆయన భార్య, మా అత్తమ్మ, ఫోన్‌లో చెప్పినప్పుడు నేను మేడ మీద ఆరిన బట్టలు మడతపెడుతున్నాను. అంతకు కాసేపటి ముందే మా గల్లీ చివర నుంచి అంబులెన్స్ ఒకటి మోత పెట్టుకుంటూ పోయింది. ఎవరో పాపం అనుకుని దుప్పటి కొసలు కలుపుకున్నాను. అందులో ఉన్నది మామేనని నాకేం తెలుసు? ఇదే బీదర్‌లో మా ఇల్లు ఒక గల్లీలో, వాళ్ళ ఇల్లు పక్క గల్లీలో. కేకేస్తే పలికేంత దగ్గర ఉండి కూడా ఆయన ప్రాణంతో ఉండగా నాకు కడచూపు దక్కలేదు.

దాచుకోవడం ఎందుకు, అత్తమ్మ మీద కోపం వచ్చింది. చావింట్లో ఒక మూల కూర్చుని, నన్నెందుకు పిలవలేదని లోలోపల కుతకుత ఉడికిపోయాను. ఆపదలో ముందు మనవాళ్ళను పిలవకుండా ఉండడం ఆమెకు నేర్పింది మామేనని నాకు బాగా తెలుసు. తెలిస్తే మాత్రం కోపం ఆగుతుందా?

మామ గాంధీ గంజ్‌లో ఒక అడ్తి దుకాణంలో గుమస్తాగా చేసేవాడు. ఊళ్ళ నుంచి రైతులు తెచ్చిన కందులు, పెసలు తూకం వేయించి అమ్మించే దుకాణం అది. పొద్దంతా ఆయన చెవికి ఫోన్ అతుక్కునే ఉండేది. "హా, బోలో" అని ఎత్తేవాడు. మా వాళ్ళలో ఎవరికి ఏ కష్టం వచ్చినా ముందు ఫోన్ పోయేది ఆయనకే. జ్వరమొచ్చినా, మోటార్ సైకిల్ పోయినా, గట్టు దగ్గర అన్నదమ్ములు కొట్టుకున్నా మామకే. మామ ఉన్నాడు కదా అన్నదే మా అందరి ధైర్యం.

ఆ ధైర్యమే మా కొంప ముంచింది. నేను చదువుకునే రోజుల్లో, మా ఊరు జనవాడలో మా నాయన పొలం నుంచి వస్తూనే ఛాతీ పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. అమ్మ మామకు ఫోన్ చేసింది. మామ గంజ్‌లో జీపు మాట్లాడుకుని బయలుదేరాడు. ఇంటి నిండా జనం. అంబులెన్స్‌కు చేద్దామని ఒకరిద్దరు అన్నారు కూడా. బావమరిది వస్తున్నాడు, ఆగండి అన్నారు మిగతా అందరూ. మామ రానే వచ్చాడు, కానీ నాయన ఆగలేదు. కాస్త ముందు తెచ్చి ఉంటే, అన్నాడు దవాఖానలో డాక్టరు. ఆ మాట పూర్తి చేయలేదు.

దినాలయ్యాక మామ మా అమ్మ ముందు తల వంచుకుని కూర్చున్నాడు. "నా కోసం ఆగిన్రక్కా. నన్ను నమ్ముకొని ఆగిన్రు," అన్నాడు. అమ్మ ఎంత ఊరడించినా ఆ మాట ఆయన గుండెలో నుంచి పోలేదు.

అప్పటి నుంచి ఆయనకు కొత్త అలవాటు ఒకటి పట్టుకుంది. ఎవరైనా ఆపదని ఫోన్ చేస్తే, నూట ఎనిమిదికి చేశారా అని అడిగేవాడు. లేదంటే ముందు అక్కడికి చెయ్యండి, తర్వాత నాకు, అని ఠక్కున కట్ చేసేవాడు. ఇటు వీళ్ళు ఏడుస్తుంటే అటు ఫోన్ కట్. గంజ్‌లో కూర్చుని కళ్ళు నెత్తికెక్కాయని తిట్టుకున్నవాళ్ళున్నారు. ఒక పిన్నమ్మ అయితే ఏళ్ళ తరబడి మాట్లాడలేదు. కానీ ఫోన్ కట్ చేసిన మనిషి చేతిలో పని అక్కడే వదిలేసి బయలుదేరేవాడని తర్వాత్తర్వాత అందరికీ తెలిసింది. అంబులెన్స్ చేరేసరికి దవాఖాన గేటు దగ్గర నీళ్ళ సీసా పట్టుకుని మామ నిలబడి ఉండేవాడు.

పెళ్ళిళ్ళలో పిల్లలను పోగేసి పరీక్షలు పెట్టేవాడు. గడ్డివాముకు నిప్పంటుకుంది, ఎవరికి చేస్తావు? జాతరలో చెల్లె తప్పిపోయింది, ఎవరికి చేస్తావు? "నీకే మామా," అని పిల్లలు కావాలనే అరిచేవాళ్ళు. ఆయన చెయ్యెత్తి ఉరికించేవాడు. నిప్పయినా, పోలీసైనా, దవాఖానైనా ఏదీ తోచకపోతే నూట పన్నెండు ఒక్కటి గుర్తుంచుకోమనేవాడు. బడి మొహం చూడని మా అమ్మకు అటువైపు కన్నడంలో అడిగితే చెప్పడానికి "ఎదె నోవు" అన్న రెండు ముక్కలు నేర్పాడు. గుండె నొప్పి అని. "ముందుగాల ఊరు చెప్పాలె, తర్వాత ఏడ్వాలె," అని మా అందరి చెవుల్లో ఇల్లు కట్టుకుని పోరాడు.

మా పెద్దమ్మది సరిహద్దు ఊరు. కోడలికి నొప్పులొచ్చినప్పుడు ఆమె మామ చెప్పినట్టే ఫోన్ చేసింది. ఫోనేమో తెలంగాణ వైపు టవరు పట్టింది. అటు నుంచి తెలుగు వినపడేసరికి పెద్దమ్మ ప్రాణం లేచి వచ్చింది. ఊరి పేరు చెప్పి, ఇక కోడలి సంగతంతా చెప్పుకుంది కానీ జిల్లా పేరు చెప్పలేదు. బండి వెళ్ళి అదే పేరున్న అవతలి ఊరంతా వెతికింది. ఈలోపు ఇంట్లోనే మనవరాలు పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. నీ మాట వింటే ఇట్లనే ఉంటదని పెద్దమ్మ దులిపేస్తే మామ కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాడు. "తెలుగు మాట్లాడితె మనోళ్ళేనా అక్కా? బీదర్ జిల్లా, కర్ణాటక అని చెప్పొద్దా?" అన్నాడు. నాయన పోయాక ఆయన అంతలా నవ్వడం నేను అప్పుడే చూశాను.

నా పెళ్ళిలో అప్పగింతలప్పుడు అందరూ ఏడుస్తుంటే మామ నా చెవి దగ్గరికి వంగాడు. దీవిస్తాడనుకున్నాను. "అల్లుడు చెయ్యెత్తితె ముందు నూట పన్నెండు, తర్వాత నేను," అన్నాడు. ఏడుపులోనే నవ్వొచ్చింది. మా ఆయన చెవిన కూడా పడింది. ఇప్పటికీ ఇంట్లో నేను గొంతు పెంచితే, నూట పన్నెండుకు నేనే చేస్తానని ఏడిపిస్తాడు.

మరి అంబులెన్స్‌కు ఫోన్ చేసినా అందరూ బతకలేదు. అలా ఒకరు పోయిన ఇంటికి వెళ్ళి వస్తూ మామ నాతో అన్న మాట మరిచిపోలేను. "ఫోన్ చేస్తె మనిషి బతుకుతడని కాదు బిడ్డా. చెయ్యకపోతె బతికున్నోళ్ళు రోజూ చస్తరు."

ఆయన వంతు వచ్చినప్పుడు అత్తమ్మ ఏ ఒక్కటీ తప్పలేదు. ఊరు చెప్పింది, గల్లీ చెప్పింది, ఎదె నోవు అంది, తర్వాతే ఏడ్చింది. బండి తొందరగానే వచ్చింది. తేవాల్సిన వేళకే తెచ్చారని డాక్టరు కూడా అన్నాడు. అయినా గుండె నిలవలేదు. ఇంతమంది కోసం ఆ గేటు దగ్గర నిలబడిన మనిషిని తెచ్చిన రోజున అక్కడ మావాళ్ళు ఒక్కరూ లేరు. నా కడుపు మండింది అందుకే.

దినాలు అయిపోయి చుట్టాలు వెళ్ళిపోయాక అత్తమ్మా నేనూ పెరట్లో గిన్నెలు తోముతూ కూర్చున్నాం. ఆపుకోలేక అడిగేశాను, అంబులెన్స్‌కు చేశాక నాకు చేయడానికి ఏమైందని. అత్తమ్మ తోముతున్న గిన్నె కింద పెట్టింది.

"బండి ఎక్కినంక మీ మామనే అడిగిండు, పిల్లకు ఫోన్ చేసినవా అని. చేస్తనన్న. ఫోన్ ఒళ్ళెనే ఉండె," అంది. బూడిద అంటిన కుడిచేతిని ముందుకు చాపింది. "ఈ చెయ్యి పట్టుకున్నడు బిడ్డా. దవాఖాన దాకా ఇడువలె. నీకు ఫోన్ చెయ్యాలంటె ఇడిపించుకోవాలె. ఎట్ల ఇడిపించుకోను?"

ఆ చేతిని నా రెండు చేతుల్లోకి తీసుకున్నాను. నల్లా కింద బకెట్ నిండి నీళ్ళు పొర్లి మా కాళ్ళ మీదుగా పారుతున్నాయి. కట్టేయడానికి ఇద్దరిలో ఎవరమూ లేవలేదు.