తలుపు వైపు తిరిగి పడుకున్న మనిషి

మా అత్తమ్మ పోయింది. మొన్న చలికాలం చివర్లో, తెల్లవారుతుండగా. ఆదివారం ఆరాధనలో ఆ వార్త చెప్పేటప్పుడు ఉపదేశి అయ్యగారు అలవాటు కొద్దీ "ప్రభువునందు నిద్రించింది" అనబోయి, నా మొహం చూసి ఆగిపోయి, "ప్రభువు దగ్గరికి వెళ్ళింది" అని సర్దుకున్నారు. ఆయనకు తెలుసు. మా పేటలో అందరికీ తెలుసు. నిద్ర అనే మాట ఆమెకు పడేది కాదు. ఎవరి చావు కబురులో ఆ మాట వినబడినా, "నిద్ర పోతే ఎట్లప్పా, ఆయన వచ్చే యాళకి?" అని పక్కవాళ్ళకు వినబడేట్టు గొణిగేది. అందుకే నేనూ ఇక్కడ ఆ మాట రాయను. కన్నుమూసింది అని కూడా రాయను. చనిపోయింది, అంతే.

మాది కోసిగికి దక్షిణాన ఉన్న చిన్న ఊరు. గాలి ఇటు తిరిగితే స్టేషన్లో రైలు కూత మా పేటలోకి వినబడుతుంది. వాన పడితే వేరుశనగ, పడకపోతే వలస. నేను ఆదోనిలో జిన్నింగు మిల్లు కూలీ కూతుర్ని. హాస్టల్లో ఉండి పది దాకా చదివాను. చదువు కంటే నోరు ఎక్కువ వచ్చిందని మా నాన్న అనేవాడు. ఆ నోరు వెంటబెట్టుకునే ఈ ఇంటికి కోడలిగా వచ్చాను.

వచ్చిన మొదటి రోజే గొడవ. దీపం పెట్టాక తలుపు గడియ వేయబోయాను. అత్తమ్మ పొయ్యి దగ్గర నుంచి కేకేసింది.

"ఏయ్ అమ్మీ, గడియ ఏస్తాండావా? తియ్యి, తియ్యి!"

"దొంగలొస్తే అత్తా?"

"మనింట్లో ఏముందని ఎత్తకపోను? ఆ జొన్నల కుండనా? ఎత్తకపోనీలే. ఆయన వచ్చి తలుపు తోసి, గడియ ఉండాదని ఎనక్కి మళ్ళితే ఏం సేస్తావు? నువ్వు లేసి గడియ తీసే దాకా ఆయన నిలబడతాడని నీకెవరు సెప్పినారు?"

ఆయనంటే ప్రభువు. రెండో రాకడ ఆమెకు ఎప్పుడో జరగబోయే సంగతి కాదు. కోసిగి బస్సు రావడం లాంటిది. ఆలస్యం కావచ్చు, ఈ పూట రాకపోవచ్చు, కానీ మనం మాత్రం రోడ్డు మీద ఉండాలి. అందుకే ఆ ఇంటి తలుపు ఎన్నడూ బిగించలేదు. ప్రభువు రాలేదు గానీ కుక్కలు చాలాసార్లు వచ్చి సంగటి ముద్దలు తినిపోయాయి. నేను తిట్టుకుంటూ కుండ కడుగుతుంటే, "తిననీ పాపం, అవీ ఆకలికే గదా వచ్చినాయి" అనేది. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఆమె పడుకునేది కూడా తలుపు వైపు తిరిగే, ఎడమ పక్క మీద. తలకింద ఎమ్మిగనూరు మగ్గం మీద నేసిన తెల్లచీర మడతపెట్టి ఉండేది. కూలి డబ్బులు కూడబెట్టి ఎమ్మిగనూరు సంతలో తానే కొనుక్కుంది. ఒక్కసారి కూడా కట్టలేదు. పండగకు కట్టుకోమంటే, "ఇది ఆయన ముందర నిలబడేదానికి" అని మళ్ళీ మడతపెట్టేది.

అట్లని శాంతమూర్తి ఏం కాదు. పక్కింటి ఆమెతో బిందె కోసమో, కోడి పెట్టిన గుడ్డు ఎవరిదన్న దాని మీదో వీధి అదిరిపోయేట్టు జగడమాడేది. కానీ పొద్దు గూకే లోపల ఆ ఇంటికి పోయి గుమ్మంలో నిలబడేది.

"ఇదిగో సెల్లెలా, తప్పు నీదే. అయినా నేను మాఫ్ సేసినా. ఈ రాత్రికే ఆయన వస్తే నీ మీద కోపం పెట్టుకోని ఆడ నిలబడేది నాకొద్దు."

"నా తప్పా? నాది తప్పయితే నువ్వెందుకు వచ్చినావు?" అని ఆమె మళ్ళీ లేచేది. మళ్ళీ జగడం. చీకటి పడేలోగా మళ్ళీ మాఫీ. నేను చెంగు నోట్లో కుక్కుకుని నవ్వుకునేదాన్ని. మా ఆయన కూడా నవ్వేవాడు. ఆయన నవ్వు ఇప్పుడు నాకు సరిగా గుర్తుకు రాదు.

పెళ్ళయిన రెండో ఏడు వానలు పూర్తిగా ఎగగొట్టాయి. అలాంటి ఏడు మా వైపు పేటకు పేట మూటాముల్లె సర్దుకుని పొరుగు రాష్ట్రంలో కాలువ కింద వరికోతలకు పోతుంది. సుగ్గికి పోవడం అంటాం దాన్ని. మేస్త్రీ లారీ తెస్తాడు. పిల్లలు, ముసలివాళ్ళు, కోళ్ళు, కుండలు అన్నీ అందులోకే ఎక్కుతాయి. ఖాళీ ఇళ్ళ గుమ్మాలకు ముళ్ళకంప అడ్డం లాగి పోతారు.

నేను అప్పుడు కాన్పుకు ఆదోనిలో పుట్టింట్లో ఉన్నాను. పాప పుట్టింది. మా నాన్న నన్నూ పాపనూ ఊరికి తీసుకొచ్చాక, బిడ్డ మొహం చూసి మా ఆయన సుగ్గికి పోవాలనుకున్నాడు. కానీ లారీ ముందే వచ్చేసింది. మేస్త్రీ తొందరపెట్టి తెల్లవారకముందే అందరినీ ఎక్కించుకున్నాడు. అత్తమ్మ చలిజ్వరంతో ఒళ్ళు తెలియకుండా పడి ఉంది. ఆ పూట నేను వస్తానని తెలుసు గనక ధైర్యం చేసి, ఆమె పక్కన గంజి పెట్టి ఆయనా లారీ ఎక్కాడు.

ఆమె లేచేసరికి పొద్దు బాగా పైకొచ్చింది. బయటికి వచ్చింది. పిల్లల ఏడుపు లేదు, రోకటి చప్పుడు లేదు, ఒక్క కోడి కూడా లేదు. ఏ పొయ్యిలోనూ పొగ లేదు. జ్వరంతో ఉన్న తలకాయలో ఒక్కటే తట్టింది. ఆయన వచ్చినాడు. అందరినీ తీసుకుపోయినాడు. నేను నిద్రపోతాంటే నన్ను ఇడిసిపెట్టి పోయినాడు.

బస్సు దిగి నేనూ నాన్నా నడిచి వస్తుంటే పేట మొదట్లో తెల్లగా ఏదో అటూ ఇటూ పరిగెత్తుతోంది. దగ్గరికొస్తే అత్తమ్మ. ఆ తెల్లచీర చుట్టుకుంది. అంచు ముళ్ళకంపలకు తగులుకుని చీరుకుపోయింది. ప్రతి గుమ్మం ముందరా నిలబడి పేరుపెట్టి పిలుస్తోంది. నన్ను చూసి నిలబడిపోయింది. తర్వాత నా చేతిలో పాపను చూసి మట్టిలో కూలబడింది.

"నిన్నూ ఇడిసిపెట్టినాడా తల్లీ? పసిగుడ్డును గూడా ఇడిసిపెట్టినాడా? అదేం పాపం సేసిందనీ?"

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నాన్నకే ముందు అర్థమైంది. "వదినమ్మా, ఎవురూ ప్రభువు కాడికి ఎత్తబడలేదు. సుగ్గికి పోయినారు. బస్సు కాడ సెప్పినారు మాకు" అన్నాడు. ఆమె నమ్మలేదు. "సారాయి తాగి పడుండే ఆ మూలింటోడు గూడా పోయినాడప్పా, నేను మిగిలినా!" అని నెత్తి కొట్టుకుంది. ఆ ఏడుపు నేను మళ్ళీ ఎక్కడా వినలేదు. వినకూడదు కూడా.

చివరికి నేనే గట్టిగా అన్నాను. "ఎత్తబడేటోళ్ళు ముళ్ళకంప అడ్డం పెట్టుకోని పోతారా అత్తా?"

ఆమె ఆ కంపల వైపు చూసింది. తర్వాత నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. చీర విప్పి మడతపెట్టి, గంజి తాగి, పాపను ఒళ్ళోకి తీసుకుంది. అంతటితో అయిపోయింది అనుకున్నాను.

అవలేదు. ఉగాది ముందు సుగ్గి నుంచి అందరూ తిరిగొచ్చారు. మా ఆయన రాలేదు. ఎవరో ముందే చెప్పిపెట్టిన పనికని, కోతలు అయ్యాక అటునుంచే బొంబాయి రైలెక్కాడట. ఇంట్లో చెప్పొద్దా అని పక్కవాళ్ళు అడిగితే, "సుగ్గికి వచ్చే రోజే మా అమ్మ సెవిలో సెప్పినా, యాడికి పోయేదీ ఎవురి కాడ ఉండేదీ అంతా సెప్పినా" అన్నాడట. అత్తమ్మ ఆ మాట విని నా చెయ్యి పట్టుకుంది.

"సెప్పినాడు అమ్మీ. సెవి కాడ వంగి ఏందో సెప్పినాడు. నేను నిద్రలో ఊ అన్యా. ఊ అన్యా గానీ ఏందీ ఇనలే."

ఆ తర్వాత ఆమె సరిగా నిద్రపోలేదు. గోడకు ఆనుకుని తలుపు వైపు చూస్తూ కునుకు తీసేది. పక్కమీద వాలినా ఎడమ పక్కకే, తలుపు వైపే. ఉత్తరం లేదు, కబురు లేదు. బొంబాయి నుంచి ఎవరొచ్చినా పోయి అడిగేది. కోసిగి సంతకు పోతే ఉప్పూ మిరపకాయా మరిచిపోయి స్టేషన్ గేటు దగ్గర నిలబడేది. దిగినవాళ్ళ మొహాలు చూసేది. నేను లాక్కొచ్చేదాన్ని. నాకు ఆ మనిషి మీద ఆశ ఎప్పుడో చచ్చిపోయింది. నా కూతురు నాన్న మొహం ఎరగదు. ఆశ పోయినా బతకొచ్చు, బతికాను. కానీ పక్కన ఇంకొకరు రోజూ తలుపు వైపు చూస్తూ కూర్చుంటే, ఆ తలుపు చప్పుడైన ప్రతిసారీ నాక్కూడా ప్రాణం లేచొచ్చేది. గాలికే చప్పుడయ్యేది. అది నాకు నరకం. ఒక్కోసారి ఆ తలుపు పీకి పొయ్యిలో పెడదామనిపించేది.

ఒక ఆదివారం ఉపదేశి అయ్యగారు మెలకువ గురించి చెప్పారు. ప్రభువు వచ్చేవరకు మనసు చెదరకుండా కనిపెట్టుకుని ఉండాలని చెప్పారు. ఆరాధన అయ్యాక అత్తమ్మ ఆయన ముందు నిలబడింది.

"అయ్యా, నేను కొడుకు కోసరం గూడా మేలుకోని ఉంటా. తలుపు సప్పుడైతే ముందు వాడే యాదికొస్తాడు, ఆ తర్వాత ప్రభువు. ఇట్లయితే నన్ను మళ్ళా ఇడిసిపెడతాడా?"

ఆయన చెడ్డవారు కాదు. నియమం గల మనిషి. "రెండు ఎదురుచూపులు ఒక గుండెలో ఉండవమ్మా. మొదటి చోటు ఆయనకే ఇయ్యాల" అన్నారు.

ఆ మాటతో ఆమె కుంగిపోయింది. అప్పటినుంచి రోజూ సాయంత్రం మోకాళ్ళ మీద ఉండి, "ఈ పొద్దు వాణ్ణి తలుసుకోలేదు ప్రభువా" అని చెప్పుకునేది. చెప్పుకుంటూనే తలుచుకునేది. తలుచుకున్నానని మళ్ళీ ఏడ్చేది. "యా పక్కకు సూస్తే యా పక్క పోతాదో అమ్మీ" అనేది. నేను దేవుడితో కూడా జగడమాడాను ఆ రోజుల్లో. ఈ ఒక్క ముసల్దాని భయం తీర్చలేవా అని అడిగాను.

పోయిన ఏడు దగ్గు పట్టుకుంది. ఆదోని ఆసుపత్రిలో ఉంచి చూశాం. ఊపిరి ఎగదన్నుతోంది. అయినా అక్కడ కూడా మంచం తలుపుకు ఎదురుగా వేయించుకుంది. ఇక లాభం లేదంటే ఇంటికి తెచ్చాం. ఒక మధ్యాహ్నం నన్ను దగ్గరికి పిలిచింది.

"నన్ను పెట్టేటప్పుడు కాళ్ళు తూర్పుకే పెట్టండి. ఆయన వచ్చేది ఆ పక్కనుంచే గదా, లేస్తానే ఆయన్నే సూడాల. మొగం మటుకు..." అని ఆగిపోయింది. చాలాసేపు ఊపిరి కూడదీసుకుంది. "మొగం మటుకు స్టేషన్ పక్కకు తిప్పితే బాగుంటాది. తప్పయితే వద్దులే. అయ్యగార్ని అడుగు. తప్పయితే వద్దు."

ఆమె ఊపిరి ఆగినప్పుడు ఎడమ పక్క మీదే ఉంది. తలుపు బార్లా తీసి ఉంది. మేమే సరిచేసి వెల్లకిలా పడుకోబెట్టాం. తెల్లచీర కట్టాం. చిరిగిన అంచు నేను కుట్టలేదు. కుట్టబుద్ధి కాలేదు.

గుంత దగ్గర చాపతో సహా లోపలికి దించాక అయ్యగారికి ఆమె మాట చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "అందరినీ ఎట్ల పెడతామో అట్లే పెట్టాలమ్మా. తూర్పుకు చూసే పెట్టాల." పెద్దలు కూడా అదే అన్నారు. అక్కడ నేను ఆగలేకపోయాను.

"అయ్యగారూ, రెండు ఎదురుచూపులు ఒక గుండెలో ఉండవని మీరు సెప్పినారు. ఉన్నాయి. ఇన్నేండ్లూ పక్కనుండి నేను సూసినా. ప్రభువు కోసరం తీసిపెట్టిన తలుపు గాబట్టే కొడుకు కోసరం గూడా తీసి ఉండింది. ఈమెను ఆయన ఇడిసిపెట్టేటట్టుంటే ఇంగ మనలో ఎవురు పోతారో సెప్పండి."

మా పాప నా కొంగు పట్టుకుని ఏడుస్తోంది. అయ్యగారు చేతిలోని గ్రంథాన్ని పక్కనున్న పెద్దాయనకు ఇచ్చారు. చెప్పులు విడిచి, పంచె ఎగ్గట్టి, గుంతలోకి దిగారు. దిగి ఆమెను మెల్లగా ఎడమ పక్కకు, స్టేషన్ వైపుకు తిప్పారు. మళ్ళీ వెనక్కి వాలిపోకుండా వీపు వెనక దోసిళ్ళతో మట్టి దగ్గరికి నెట్టారు. కాళ్ళు తూర్పుకే ఉన్నాయి. మొహం మీది గుడ్డ సర్ది, ఇంట్లో ఆమె ఎట్లా పడుకునేదో అట్లానే పెట్టారు. పైకి వచ్చారు. "తప్పు కాదమ్మా" అన్నారు. నాతో కాదు, గుంత వైపు చూస్తూ అన్నారు. బతికుండగా ఆమె వినాల్సిన మాట అది.

పాదాల వైపు నుంచి మట్టి పోయడం మొదలుపెట్టారు. అది భుజం దాకా వచ్చేసరికి కోసిగి వైపు నుంచి రైలు కూత వినబడింది. పారలు ఆగిపోయాయి. పెద్దలు, పక్కింటి ఆమె, నా కూతురు, అయ్యగారు, ఆ కూతకు ఇన్నేళ్ళూ పంతం కొద్దీ తల తిప్పని నేను, అందరం ఉత్తరం వైపు తిరిగాం. రైలు ఆగింది, కాసేపటికి మళ్ళీ కదిలింది. దారిలో ఎవరూ రాలేదు. మేం గుంత వైపు తిరిగేసరికి ఆమె మొహం ఒక్కటే ఇంకా మట్టి పడకుండా ఉంది, మాకంటే ముందే అటు తిరిగి.